ఊడనంటున్న హబ్

ఎండెక్కేలోపు వెనక చక్రం విప్పి, బ్రేకులు మార్చి, మధ్యాహ్నానికి కారును కొన్నాయనకు అప్పగించేయాలని మరిది అనుకున్నాడు. వదిన సరేనంది.

భర్త పోయాక ఆ కారు షెడ్డులోనే ఉండి తుప్పు పట్టింది. అది చెయ్యి దాటేలోపు ఒక్కసారి తన పాత సీట్లో కూర్చుని నాలుగు వీధులు తిరిగి రావాలని ఆవిడ ఆశ. అడిగితే నవ్వుతారని నోరు విప్పలేదు.

చక్రం వచ్చింది కానీ, దాన్ని బిగించే లోపలి హబ్ మాత్రం ఇరుసును ఉడుంపట్టు పట్టింది. సాయానికి పిలిచిన మెకానిక్, హబ్‌ను ఊడలాగే పుల్లర్ బిగిస్తే పుల్లరే విరిగింది. మరిదికి పంతం వచ్చింది. గొలుసుతో హబ్‌ను గేటుకు కట్టి, మధ్యలో చేతి కప్పీ పెట్టి లాగాడు. హబ్ కదల్లేదు. గేటు వచ్చింది.

"ఇక కాల్చాల్సిందే" అని మెకానిక్ గ్యాస్ మంట పెట్టాడు. పడిపోయిన గేటునూ, షెడ్డులో మంటనూ చూసి, ఎదురింటావిడ బిందెడు నీళ్లు తెచ్చి అతని నెత్తిన కుమ్మరించింది.

"అయ్యో, మంటలనుకున్నాను నాయనా."

"మంటలేనమ్మా. నేనే పెట్టుకున్నాను."

ఆవిడ కేకలు అప్పటికే వీధి దాటాయి. కొన్నాయన ఫోన్ చేశాడు.

"తగలబడలేదండీ. తడిసిందంతే" అన్నాడు మరిది.

మెకానిక్ తల తుడుచుకున్నాడు. "ఇంకొక్కటే దారి. నట్టు కాస్త వదులు చేసి, అది ఊడిపోకుండా పిన్ను పెట్టి, చక్రం తగిలించి, మెల్లగా మలుపులు తిప్పాలి. బరువు పడితే అదే పట్టు వదులుతుంది. టప్ మంటుంది. వెంటనే ఆపెయ్యాలి."

"ఈ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"మీరు గేటు పీకే పనిలో ఉన్నారు కదండీ."

"సైలెన్సర్ మోతలో నాకేం వినపడుతుంది? పక్కన ఎవరైనా కూర్చోవాలి" అన్నాడు మరిది. ఆ మాట పూర్తయ్యేసరికి వదిన ఎక్కి తలుపు వేసుకుంది.

సీటులో గుంట ఇంకా ఆవిడ కొలతకే ఉంది. మలుపు వస్తే భర్త ఒక చెయ్యి ఆవిడ ముందు అడ్డం పెట్టేవాడు. మొదటి మలుపులో ఆవిడ అలవాటుగా ముందుకు వాలింది. అడ్డు ఏదీ లేక తనే డాష్‌బోర్డు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే వెనక టప్ మంది.

"ఏమైనా వినపడిందా వదినా?"

ఆవిడ కిటికీ వైపు తిరిగింది. "లేదయ్యా. ఇంకాస్త తిప్పు."

పెట్రోలు అయిపోయేదాకా ఆ హబ్ ఊడనే లేదు.