గుంపుగారి రెండో గొంతు

ఆ ఉదయం గుంపుగారు వేసుకున్న పథకం చాలా సులువైనది: టిఫిను తినకూడదు. సినిమాలకు గొంతు అరువిచ్చే ఈ పెద్దమనిషి ఇన్నేళ్ళూ జనంలో ఒకడిగా "అవునవును", "పట్టుకోండి", "అయ్యో పాపం" తప్ప మరో మాట చెప్పి ఎరగరు. అందుకే ఒక్కరే అయినా స్టూడియోలో అందరూ ఆయన్ని గుంపుగారనే పిలిచేవారు. ఇన్నాళ్ళకు కథానాయకుడికి గొంతిచ్చే అదృష్టం పట్టింది.

అడ్డుపడింది గొంతు కాదు, కుర్చీ. గుసగుసగా మాట్లాడాల్సిన చోటల్లా అది ఆయన కింద కిర్రుమనేది. నిలబడి చెప్పమంటే ఆ కిర్రును మోకాళ్ళు అందుకున్నాయి. నాలుగు కుర్చీలు మార్చి చూసిన దర్శకుడు, "ఇక మార్చాల్సింది కుర్చీని కాదు గుంపుగారూ," అన్నాడు. గుంపుగారు నోరు కట్టేసుకుని సన్నబడ్డారు, కుర్చీ నోరు మూసుకుంది.

ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. బరువు తగ్గినప్పటి నుంచి ఆకలి రెట్టింపయింది. ఎంత తిన్నా కడుపు "ఇంకా?" అనేది. పోయిన కిలోలు ఒక్కొక్కటే దారి కనుక్కుని ఇంటికి తిరిగి రాసాగాయి. నిన్న కుర్చీ మళ్ళీ సన్నగా మూలిగింది. ఇంకో చప్పుడు వినిపిస్తే ఆ అవకాశం ఇంకొకరికి పోతుందని దర్శకుడు తేల్చి చెప్పేశాడు. గుంపుగారు తనను తాను తిండిపోతు అని తిట్టుకుని, భార్య కట్టిన డబ్బా బల్ల మీదే వదిలేసి వచ్చారు.

గని కుప్పకూలడంతో లోపల చిక్కుకుపోయిన కథానాయకుడు, బండకు అవతల ఉన్న భార్యతో మాట్లాడే సన్నివేశం అది. గుంపుగారు మైకు దగ్గరకు వంగి, ఉన్న ప్రేమంతా ఒలకబోశారు. "నువ్వుంటే చాలు. నాకింకేమీ అక్కర్లేదు."

గుర్ర్ర్ర్.

"ఏసీ!" అని అరిచాడు రికార్డిస్టు. ఏసీ ఆపారు. మళ్ళీ గుర్రుమంది. ఫ్యాన్లు ఆపారు, నడవాలో ఫ్రిజ్ ఆపారు, ఏ పాపం ఎరగని కుర్చీని బయటికి గెంటారు. ఆ చప్పుడు ఎక్కడిదో గుంపుగారికి మాత్రం బాగా తెలుసు. చెప్పే ధైర్యం లేక ఒక దిండు తెచ్చి పొట్టకు అదుముకున్నారు.

"కింద మోటారు షాపు సార్! వాడే!" అన్నాడు రికార్డిస్టు.

దర్శకుడు మెట్లు దూకుతూ వెళ్ళాడు. "నీ మోటారు ఆపవయ్యా! పైన మా హీరో గుసగుసలాడుతున్నాడు!"

"నా షాపులో అన్నీ చచ్చిన మోటార్లే సార్," అన్నాడు మేస్త్రీ. "తిరిగేవైతే నా దగ్గరికెందుకొస్తాయి?"

ఎంత చెప్పినా దర్శకుడు నమ్మలేదు. మేస్త్రీకి ఒళ్ళు మండింది. "ఉండండి, ఇప్పుడే తేలుస్తా," అంటూ భవనం మొత్తానికి కరెంటు తీసేసి, టార్చి పట్టుకుని పైకొచ్చాడు. చీకట్లో అందరూ ఊపిరి బిగబట్టారు. అప్పుడు లిఫ్టులోంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"ఏమండీ! టిఫిన్ డబ్బా ఇంట్లోనే వదిలేసి వచ్చారేంటి? తెచ్చిపెడదామని వస్తే ఈ లిఫ్టు కాస్తా ఆగిపోయింది!"

టిఫిన్ అన్న మాట చెవిన పడగానే గుంపుగారి కడుపు నిండుగా బదులిచ్చింది. మేస్త్రీ టార్చి ఆయన పొట్ట మీద వేసి, "ఇది నేను బాగుచేసే రకం కాదు సార్," అన్నాడు.

కరెంటు వచ్చింది, లిఫ్టు కదిలింది, డబ్బాతో భార్య దిగింది. బరువు తగ్గాలని వచ్చేవాళ్ళ వార్డులో ఆవిడ నర్సు. గుంపుగారు అందరి ముందూ తలవంచుకుని, "తప్పు నాదే సార్. నోటికి అదుపు లేదు. కష్టపడి తగ్గిందంతా మళ్ళీ తినేస్తున్నా," అన్నారు.

"అదుపు కాదు, ఏమీ కాదు," అంది భార్య. "బరువు తగ్గితే కరువొచ్చిందనుకుంటుంది ఒళ్ళు. ఆకలి పుట్టించే హార్మోను పెరుగుతుంది, ఇక చాలని చెప్పేది తగ్గుతుంది. నెలల తరబడి అలాగే ఉండొచ్చు. మా వార్డులో ఎంతమందిని చూడట్లేదు? పస్తుంటే ఇంకా గోల చేస్తుంది. మీ ఒళ్ళు మిమ్మల్ని కాపాడాలని చూస్తోందండీ, అంతే. నాతో ఒక్క మాట అంటే ఏం పోయింది?"

గుంపుగారి కళ్ళు చెమర్చాయి. నెలల తరబడి తనను తాను తిట్టుకున్న తిట్లన్నీ గుండె మీద నుంచి దిగిపోయాయి. "బతికించావే," అంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. అవకాశం ఎలాగూ పోయిందన్న ధీమాతో కూర్చుని రొట్టె, గుడ్లు తృప్తిగా తిన్నారు. తిన్నంతసేపూ ఆవిడను చూసి నవ్వుతూనే ఉన్నారు.

ఈలోగా దర్శకుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రికార్డయినదాన్ని మళ్ళీ మళ్ళీ వింటున్నాడు. ఉన్నట్టుండి ఎగిరి గంతేశాడు.

"ఇన్ని రోజులు గనిలో తిండి లేనివాడి కడుపు నోరు మూసుకుని ఎలా ఉంటుందయ్యా? ఇది ఎవడికీ తట్టలేదే! గుంపుగారూ, సినిమా అంతా మీరే. ఆ దిండు అవతల పారేసి ఇంకొక్కసారి కానివ్వండి!"

గుంపుగారు దర్శకుడికి దణ్ణం పెట్టి, మైకు దగ్గరకు వంగారు. "నువ్వుంటే చాలు. నాకింకేమీ అక్కర్లేదు."

కడుపు కిక్కురుమనలేదు. అందరూ ఖాళీ డబ్బా వైపు చూశారు.

"కంగారు పడకండి," అంది భార్య. "తగ్గిన ఒళ్ళు కదా, ఇట్టే వేస్తుంది ఆకలి."

ఇన్నాళ్ళూ శత్రువనుకున్న ఆకలి కోసం గుంపుగారు పొట్ట నిమురుకుంటూ, ఎంతో ప్రేమగా ఎదురుచూశారు. అది ఏ క్షణాన వస్తుందోనని దర్శకుడు ఎవరినీ భోజనానికి కదలనివ్వలేదు.

మధ్యాహ్నం దాటేసరికి ఆ గదిలో ప్రతి కడుపూ గుర్రుమంది, గుంపుగారిది తప్ప.