చిన్నది చేసి పంపగలరు

మికునోసె పట్టణ ప్రజలకు ఇక కష్టాలుండవని మేయర్ తతేబె గారు సోమవారం పొద్దున్నే ప్రకటించారు. ప్రకటన స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి వచ్చింది. ఆ మైకులు భూకంపాలకీ తుఫాన్లకీ పెట్టినవి. ఈమధ్య భూకంపాలు తగ్గి ప్రకటనలు పెరిగాయి.

పథకం పేరు 'ఒక్క ఫోటో, ఒక్క పరిష్కారం'. రోడ్డు గుంట పడినా, కాలవ పూడినా ఎవరూ ఆఫీసు మెట్లెక్కనక్కర్లేదు. ఫోనుతో ఫోటో తీసి టౌన్ యాప్‌లో పెడితే చాలు. ఫోటో చూసి ఆఫీసు కదులుతుంది. ఇన్నేళ్ళూ మనిషిని చూసి కదలని ఆఫీసు ఫోటో చూసి కదులుతుందంటే విజ్ఞానం ఎంత ముందుకు పోయిందో ఎవరైనా గ్రహించవచ్చు.

ఏటికి అవతల ఉసుహిరాలో కురొకొచి సదాజి ఆ మాటలు నిలబడి విన్నాడు. ఆ ఏడు ఊరి పెద్ద అతను. ఆ ఊళ్ళో పెద్దరికం ఎవరూ కోరి తెచ్చుకోరు. జలుబులాగా వంతు ప్రకారం ఇంటింటికీ తగులుకుంటుంది. ఉన్నవి తొమ్మిది ఇళ్ళు. వాటిలో కర్ర లేకుండా నడిచే మగాళ్ళు ఇద్దరే. కాబట్టి సదాజికి ఏడాది విడిచి ఏడాది తగులుకుంటుంది.

అతనికి కావలసింది ఒక్కటే. వంతెన బాగుపడాలి. వానాకాలం ముంచుకొస్తోంది. నడిమి స్తంభం మీద పగులు పడింది. ఇంటింటికీ సరుకులు తెచ్చి అమ్మే హత్సుయె వ్యాను దాటడం మానేసింది. చేపలు, టోఫు, బీపీ మాత్రలు, గుమ్మడికాయలు, అన్నీ ఆ వ్యానులోనే వచ్చేవి. ఊళ్ళో ముసలమ్మలు ఏటిదాకా దిగగలరు గానీ తిరిగి ఎక్కలేరు. కొండ చుట్టూ తిరిగి వచ్చే దారి ఒకటుంది. సగం రోజు పడుతుంది. చేప ఆ సంగతి ముందే కనిపెట్టి వాసన కొడుతుంది.

"పోయిన నెల ఆ పగుల్లో వేలు పట్టేది, ఇప్పుడు చెయ్యి పడుతోంది పెద్దాయనా," అంది హత్సుయె, వ్యాను ఇవతలే ఆపి. "బాగు చేయించండి, దాటతా. లేదా ఆ మేయర్ని నా కళ్ళముందు ఒక్కసారి దాటమనండి. ఆ కడుపుకి ఆగితే నా బండికీ ఆగుతుంది."

సదాజి రబ్బరు బూట్లు తొడుక్కుని ఏట్లోకి దిగాడు. వంతెన కింద నిలబడి ఫోటో తీశాడు. కొత్త ఫోను. పగులు అంచున నాచు కూడా పోగుపోగునా కనిపించింది. యాప్‌లో పెట్టాడు. తెర మీద హెల్మెట్టు పెట్టుకున్న నారింజపండు బొమ్మ ఒకటి వచ్చి నడుం వంచి దణ్ణం పెట్టింది.

'ఫోటో పెద్దదిగా ఉన్నది. చిన్నది చేసి పంపగలరు.'

మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దణ్ణం పెట్టింది. అంత మర్యాదగా పొమ్మనడం ఆ పండుకే చెల్లింది. సదాజి తడి బూట్లతోనే ఆఫీసు మెట్లెక్కాడు.

ప్రజా సాన్నిహిత్య డిజిటల్ విభాగానికి అధిపతి మునెకత. సన్నగా, శుభ్రంగా, ఇస్త్రీ చేసిన కవరులా ఉంటాడు. అతని కిటికీలోంచి ఏరు కనిపిస్తుంది, వంతెన కనిపిస్తుంది. ఎండ బాగుంటే పగులు కూడా కనిపిస్తుంది. సదాజి వేలు పెట్టి చూపించాడు. మునెకత తల తిప్పలేదు. కిటికీలోంచి చూసింది రికార్డుకెక్కదని, అలా చూడటం పథకానికి అగౌరవమని వినయంగా చెప్పాడు.

"పగులు పెద్దదండీ," అన్నాడు సదాజి.

"పగులు ఎంత పెద్దదైనా మాకు అభ్యంతరం లేదండీ. ఫోటో మాత్రం చిన్నది కావాలి."

పెద్ద ఫోటోలు నలుగురూ పంపితే యాప్ ఉక్కిరిబిక్కిరవుతుందని, మేయర్ గారు స్వయంగా కొబ్బరికాయంత ఫోటోని రేగుపండంత చేసి చూపించారని చెప్పాడు. ఆ రోజు సిబ్బంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారట. సదాజి ఫోను తీసుకుని మునెకతే చిన్నది చేసి ఇచ్చాడు. ఒక నొక్కు నొక్కితే నాచు పోయింది. ఇంకోటి నొక్కితే రాళ్ళు పోయాయి. మూడో నొక్కుకి పండు దణ్ణం మానేసి చేతులు చాపింది.

మునెకత కళ్ళజోడు నుదుటి మీదికి తోసి తెరని ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. అది పగులా, కెమెరా మీద పడ్డ వెంట్రుకా అని అడిగాడు. సదాజి పగులే అన్నాడు. మంచిది, వెంట్రుకలు వేరే విభాగం చూస్తుంది అన్నాడు మునెకత. అంతలో అతనికి అసలు లోపం కనబడింది.

"నల్లబల్ల ఏదండీ?"

సదాజి సిగ్గుపడ్డాడు. అది అతని తప్పే. గోడ కట్టినా, గొయ్యి తవ్వినా, మట్టి పోసినా ఫోటోలో నల్లబల్ల ఉండాలి. ఏ చోటు, ఏ పని, ఏ రోజు, ఎవరు తీశారు, అన్నీ దాని మీద సుద్దముక్కతో రాసి ఉండాలి. ఆ సంగతి అక్కడ పాలు తాగే పిల్లాడికీ తెలుసు. బల్ల ఉన్న ఫోటో సాక్ష్యం. లేనిది సరదా.

తమోత్సు దగ్గర బల్ల ఉంది. కర్ర లేకుండా నడిచే రెండో మగాడు అతనే. ఒకప్పుడు రోడ్డు పనుల్లో మేస్త్రీ. కొట్టంలోంచి బల్ల తెచ్చి తుడిచి, ముత్యాల్లాంటి అక్షరాలు రాశాడు. పగులు పక్కన పెట్టి ఫోటో తీశారు. చిన్నది చేశారు. పంపారు. మర్నాడు జవాబు వచ్చింది. బల్ల మీది అక్షరాలు చదవ వీలుగా లేవు కనుక మళ్ళీ పంపగలరు.

దగ్గరికి జరిగి తీస్తే బల్ల వచ్చింది, పగులు రాలేదు. దూరం జరిగి తీస్తే పగులు వచ్చింది, అక్షరాలు చీమలయ్యాయి. తమోత్సు ఆలోచించి తలుపు రెక్క ఒకటి ఊడదీసి నల్లరంగు వేశాడు. దాని మీద అక్షరాలు చీమల నుంచి ఈగలయ్యాయి. ఆఫీసుకి ఈగలూ చాలలేదు.

పిల్లల్లేక మూతపడ్డ బడి ఒకటి ఊళ్ళో ఉంది. అందులో గోడంత బల్ల ఉంది. ఇద్దరూ మేకులు పీకి దాన్ని భుజాల మీద వేసుకుని వాలు దిగారు. ముసలమ్మలు గుమ్మాల్లో నిలబడి చూశారు. ఎవరు పోయారని ఒకావిడ అడిగింది.

"చదువుకునే రోజుల్లో ఈ బల్ల దగ్గరికి రమ్మంటే పారిపోయేవాడివి కదరా," అన్నాడు వెనక నుంచి తమోత్సు. "ఇప్పుడు చూడు, పెళ్ళికూతురి పల్లకీలా మోస్తున్నావు."

"నోరు మూసుకుని నీ వైపు ఎత్తు."

స్తంభానికి ఆనించి నిలబెట్టారు. తమోత్సు ఒక్కో అక్షరం అరచేయంత రాశాడు. ఉసుహిరా వంతెన, నడిమి స్తంభం, పగులు. సదాజి ఫోను ఎత్తి చూసి దించేశాడు. బల్ల వెనక పగులు మొత్తం దాక్కుంది.

పగులు కనిపించడం లేదురా అంటే తమోత్సు తేలిగ్గా తీసుకున్నాడు. బల్ల కనిపించాలని రాశారు గానీ పగులు కనిపించాలని ఎక్కడైనా రాశారా అని అడిగాడు. రాయలేదు. ప్రభుత్వం అడగనిది చూపించడం సదాజికీ అలవాటు లేదు. తీసి, చిన్నది చేసి, పంపాడు. తెర మీద పండు గంతులేసింది.

జవాబు సాయంత్రానికే వచ్చింది. ఆ ఆఫీసు చరిత్రలో అంత వేగం లేదు.

'అక్షరాలు అత్యంత స్పష్టం. పగులు కనబడలేదు. సమస్య పరిష్కరించబడినది. సహకారానికి ధన్యవాదాలు.'

కింద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టారు. మొదట పంపిన దానికి 'ముందు' అని పేరు. ఆఖరిదానికి 'తర్వాత' అని పేరు. ముందు పగులుంది, తర్వాత లేదు.

సదాజి బూట్లు కూడా తొడుక్కోకుండా చెప్పులతో ఆఫీసుకి పోయాడు. మునెకత లేచి నిలబడి అభినందించాడు. పథకం కింద తొలి విజయం ఇదేనట. మేయర్ గారు కంట తడి పెట్టుకున్నారట. సిమెంటు లేదు, కూలీ లేదు, ప్రజలే ముందుకొచ్చి ఇలా బాగు చేసుకోవడం ఆయన ఎక్కడా చూడలేదట. సదాజి తల అడ్డంగా ఊపి, బల్ల తీసేస్తా, వచ్చి చూడండి అన్నాడు.

మునెకత మొహం మొదటిసారి గంభీరమైంది.

"అలా అనకండి. ఇప్పుడది తీస్తే ప్రభుత్వ మరమ్మతును ధ్వంసం చేసినట్టు. పూర్తయిన వంతెన ప్రారంభోత్సవం గురువారం పెట్టాం. మీరే ముఖ్య అతిథి."

సదాజి వాదించబోయి ఆగాడు. ప్రారంభోత్సవం అంటే మేయర్ వస్తాడు. వంతెన ప్రారంభించిన వాడు వంతెన దాటక ఏం చేస్తాడు. దాటితే హత్సుయె చూస్తుంది. దాటుతుండగా కింద ఏదైనా పెళ్ళుమంటే మేయరే చూస్తాడు. ఎలా జరిగినా ఊరికి మేలే. చాలా సంతోషం అని చెప్పి ఇంటికొచ్చాడు.

గురువారం ముసురు పట్టింది. ఏరు ఎర్రగా, ఎత్తుగా ఉంది. ఇవతల గుడారం వేశారు. ఎర్రా తెల్లా రిబ్బను కట్టారు. మేయర్ తతేబె గారు తెల్ల గ్లవుసులు, బంగారు రంగు కత్తెరతో వచ్చారు. హత్సుయె వ్యానుకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. అవతలి ఒడ్డున సదాజి ఒక్కడే కోటు వేసుకుని నిలబడ్డాడు. వెనక తమోత్సు టీ కాచాడు. ముసలమ్మలు బియ్యప్పిండి ఉండలు చేసి పంపారు.

మేయర్ గారు చాలాసేపు మాట్లాడారు. వంతెన అంటే సిమెంటు కాదన్నారు. నమ్మకం అన్నారు. సిమెంటు కాదన్న మాట వరకూ సదాజి ఒప్పుకున్నాడు. రిబ్బను తెగింది. చప్పట్లు ఆగాయి.

సదాజి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"మేయర్ గారూ, ఇటు టీ సిద్ధం. దాటి రండి."

అందరూ మేయర్ వైపు చూశారు. మేయర్ గారు వంతెన వైపు చూశారు. తర్వాత ఏటి వైపు చూశారు. తర్వాత తన బూట్ల వైపు చూశారు. ఇటువైపు వెలుతురు చాలా బాగుందన్నారు. వాన పడుతోంది. తనకు వైద్యులు టీ వద్దన్నారని కూడా అన్నారు. పోనీ ఉపమేయర్ గారు దాటొచ్చని ఎవరో అంటే, పైవాణ్ణి మించి ముందుకు నడిచే సంస్కారం తనకు లేదని ఉపమేయర్ వెనక్కి జరిగాడు.

హత్సుయె కట్టుకున్న చేతులు విప్పలేదు.

అప్పుడు మునెకత మైకు తీసుకున్నాడు.

"ముఖ్య అతిథిగారూ, మీరు అక్కడే ఉండండి. మేయర్ గారు ఇక్కడే ఉంటారు. ఇద్దరూ ఇటు తిరిగి నవ్వండి. చిన్నది చేసేటప్పుడు మధ్యలో అనవసరమైనది నేను తీసేస్తాను."

అతను గట్టు దిగి ఏటి పక్కన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఫోటో తీశాడు. బాధ్యత తెలిసిన ఆఫీసరు. మేయర్ గారు నవ్వారు. సదాజి నవ్వలేదు. హత్సుయె వ్యాను తలుపు వేసుకుని ఇంజను తిప్పి వెళ్ళిపోయింది.

శనివారం పట్టణ పత్రిక అవతలి ఒడ్డుకి విసిరిన మూటలో వచ్చింది. మొదటి పేజీలో మేయర్, సదాజి భుజం భుజం కలిపి నిలబడి ఉన్నారు. సదాజి మోచెయ్యి మేయర్ గారి కడుపుకి తగులుతోంది. మధ్యలో వంతెన లేదు. స్తంభం లేదు. ఏరు లేదు. కింద పెద్ద అక్షరాలు: 'పాలకుడికీ ప్రజకూ నడుమ దూరం లేదు.' సదాజి పెదాలు కూడా సరిచేశారు. పెళ్ళినాడు కూడా నవ్వని మనిషి పళ్ళన్నీ చూపిస్తున్నాడు.

తమోత్సు పత్రిక తిప్పి తిప్పి చూశాడు.

"ఏరు దాటాక తెప్ప తగలేసే నాయకుల్ని చూశాం. దాటకుండానే ఏటిని తగలేసినవాణ్ణి ఇదే చూడటం."

ఆదివారం వాన దంచింది. సోమవారం తెల్లారేసరికి నడిమి స్తంభం ఒరిగి, దాని మీది పలక ఏట్లో పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. బడి బల్ల కొంతదూరం తేలుతూ పోయి మలుపు దగ్గర కనబడకుండా పోయింది. సదాజి ఆఫీసుకి ఫోన్ చేశాడు. మునెకత ఎత్తాడు.

"వంతెన పడిపోయిందండీ."

"ఎందులో?"

"ఏట్లో."

కాగితాలు కదిలిన చప్పుడు వినిపించింది.

"ఏ ఏరండీ? మీరూ మేయర్ గారూ దిగిన ఫోటోనే ఇప్పుడు ఆ చోటికి అధికారిక ఫోటో. అందులో ఏరు లేదు. లేనిదాంట్లో పడ్డ వంతెనని ఏ విభాగానికి పంపమంటారు?"

సదాజి ఫోను పెట్టేశాడు. కిటికీలోంచి ఒకసారి చూడండి అని అడుగుదామనుకున్నాడు. 

మధ్యాహ్నం పట్టణం వైపు ఒడ్డున హారన్ మోగింది. సదాజి వాలు దిగి వచ్చాడు. వెనకే ఇద్దరు ముసలమ్మలు కర్రలు పట్టుకుని వాలు సగందాకా దిగి అక్కడే ఆగిపోయారు. అవతల హత్సుయె నిలబడి ఉంది. ఒక చేతిలో పట్టణ పత్రిక, ఇంకో చేతిలో మంచు నీళ్ళు కారుతున్న కానాగంత చేపల సంచి. మధ్యలో ఏరు పరుగెడుతోంది. ఆమె పత్రిక ఎత్తి చూపించింది.

"పెద్దాయనా, మేయర్ నిలబడ్డ చోటే నిలబడ్డాను," అని కేకేసింది. "మీరు నిలబడ్డ చోట మీరున్నారు. ఇందులో మన మధ్య జానెడు కూడా లేదు. చెయ్యి చాపండి, ఇస్తాను."

సదాజి వెనక్కి తిరిగి ముసలమ్మల వైపు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగి చెయ్యి చాపాడు.