అడుగు బెంచీ సాక్షులు

చేపలపేటలో సగం ఊరు ఒకప్పుడు తనదేనని, దాన్ని తిరిగి ఇప్పించాలని సముద్రం తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టుకుంది. అర్జీ సక్రమంగానే ఉంది కాబట్టి విచారణకు తీసుకున్నారు. అర్జీదారు స్వయంగా వస్తే ఫర్నిచరు పాడవుతుందని, దాని తరఫున బకెట్టెడు ఉప్పునీళ్లు వస్తే చాలన్నారు. బకెట్టుకు కుర్చీ వేశారు. ఎదురు పార్టీ గరికిన పోలమ్మకు మాత్రం వెయ్యలేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

ఊళ్లో సముద్రానికి అందరికంటే దగ్గరగా ఉన్నది పోలమ్మ ఇల్లు. ఏళ్ల తరబడి ఎండుచేపలు అమ్మి కిందటేడే శ్లాబు వేయించుకుంది. తీర్పు సముద్రం వైపు వస్తే ముందు పోయేది ఆ ఇల్లే. విచారణ అని తెలిసిన దగ్గర్నుంచీ పాపం ఆమెకు అన్నం సయించడం లేదు.

ఇలాంటి తగాదాలకు ఆఫీసులో ఒక పద్ధతుంది. సముద్రం ఒక చోటు వదిలి వెళ్లి పదివేల ఏళ్లు దాటితే హక్కు పోతుంది, ఆ లోపైతే ఉంటుంది. ఎప్పుడు వెళ్లిందో చెప్పాల్సింది సాక్షులు. పోలమ్మ పెరట్లో బోరు వేసి, గొట్టంతో మట్టి తీసి, అందులోంచి వాళ్లను పిలిపించారు. అందరూ ఇసుక రేణువంత గుల్లలు. బతికినన్నాళ్లు నీళ్లలో తేలి, చచ్చాక అడుగున పడి, రాయైపోయినవాళ్లు. చల్లని నీళ్లలో పెరిగిన గుల్ల ఎడమకు చుట్టుకుంటుంది, వెచ్చని నీళ్లలో పెరిగింది కుడికి. అందుకని వాళ్లను చూస్తే ఆనాటి సముద్రం సంగతి తెలిసిపోతుంది. తేదీలు మాత్రం వాళ్లకు గుర్తుండవు. ఎవరి కింద ఎవరున్నారన్నదాన్ని బట్టి వయసు కడతారు.

అటెండరు సింహాచలం మైక్రోస్కోపు ముందు మెట్లమెట్లుగా బుల్లి బెంచీలు వేసి, అడుగు పొరలో దొరికిన ఉప్పునీటి గుల్లల్ని అడుగు బెంచీ మీద, పై పొరల్లో దొరికిన మంచినీటి గుల్లల్ని పైన కూర్చోబెడుతున్నాడు. పోలమ్మ ప్రాణం ఊరుకోలేదు.

“అదేటి బావూ, పెద్దోలిని అడుగున కూకోబెడతావా? ఎంత కాలం నాటోలో ఏటో! మీదన కూకోబెట్టు.”

“నిజవేనప్పా, తట్టనేదు,” అని సింహాచలం అందర్నీ తారుమారు చేశాడు. మర్యాద చేస్తే సాక్ష్యం తనవైపు చెబుతారేమోనన్న ఆశ కూడా పోలమ్మకు లేకపోలేదు.

తహసీల్దారు కమలకుమారి వచ్చి, ఏసీ వేయించుకుని, మైక్రోస్కోపులోకి చూసింది. “ఉప్పునీటివాళ్లు పై బెంచీలో ఉన్నారు. అంటే సముద్రం మొన్నమొన్నటిదాకా ఇక్కడే ఉందన్నమాట,” అంది. బకెట్టులో నీళ్లు సంతోషంగా తొణికాయి. “పోలమ్మగారూ, సామాన్లు సర్దుకోండి. కాస్త నెమ్మదిగా రమ్మని సముద్రానికి కబురు పెడతాం.”

పోలమ్మ గుండె జారిపోయింది. అప్పుడు పై బెంచీలోంచి సన్నటి గొంతు వినిపించింది.

“నన్ను దించండి బాబూ, కళ్లు తిరిగిపోతన్నాయి.”

“ఏటి తాతా, ఎత్తున బాగునేదేటి?” అన్నాడు సింహాచలం.

“ఎత్తు మాకెక్కడిది నాయనా? చచ్చినోలం అడుక్కి పోతాం. ఎనకాలొచ్చినోలు మా మీద పడతారు. పడబట్టే గదా మేం పెద్దోలమని తెలిసీది!”

పోలమ్మకు విషయం బోధపడింది. సాక్షుల్ని అటూ ఇటూ చేయించినందుకు ఏ శిక్ష వేస్తారోనని భయపడింది. అయినా ఇల్లు కళ్ల ముందు మెదిలింది. “తప్పు నాదేనమ్మా! మరియాద సేద్దారని నానే మీదన కూకోబెట్టమన్నాను. ఈలు అడుగోలు,” అని చేతులు జోడించింది.

కమలకుమారి కోప్పడలేదు. సీనియర్లను ఎత్తున కూర్చోబెట్టి, కింద ఏముందో మరిచిపోవడం ఆ ఆఫీసుకు కొత్త కాదు. సాక్షుల్ని ఎవరి చోట వాళ్లను కూర్చోబెట్టి మళ్లీ చూసింది. సముద్రం వెళ్లి పదివేల ఏళ్లు ఎప్పుడో దాటింది. హక్కు చెల్లదని తీర్పు చెప్పింది. పోలమ్మ అక్కడే కూలబడి బావురుమంది, సంతోషంతోనే.

“నన్ను అడగనేదు,” అని ఇంకో గొంతు వినిపించింది. ఈసారి బకెట్టులోంచి. అందులో ఒక గుల్ల ఈదుతోంది.

కమలకుమారి ఓపిగ్గా చెప్పింది. “నువ్వు ఇంకా బతికే ఉన్నావు కదా! సాక్ష్యం చెప్పాలంటే ముందు శిలాజం అవ్వాలి. రూలు అలా ఉంది.”

“అయ్యీదాకా ఆగితే, ఇనడానికి మీరుండాలి గదమ్మా.”

రూలుబుక్కులో దీనికి జవాబు లేదు. కమలకుమారి చెప్పమని తల ఊపింది.

“ఎడమ నుంచి కుడికి తిరగడానికి మా తాతలకి వందల తరాలు పట్టింది. మేం మొన్ననే తిరిగిపోనాం. నీలు అంత ఎచ్చగా ఉన్నాయి. సముద్రం ఆశకి పోయి అర్జీ పెట్టనేదమ్మా. వేడికి ఉబ్బి, ఉన్నకాడ పట్టక పెట్టుకుంది.”

గదిలో అందరూ ఏసీ వైపు చూశారు. కమలకుమారి లేచి దాన్ని ఆపి, కిటికీలు తెరిచింది. ఉక్కపోసింది. అయినా ఎవరూ బయటికి పోలేదు. ఇకమీదట బతికున్నవాళ్ల సాక్ష్యం కూడా వినాలని ఆమె అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చింది. అలాంటి ఉత్తర్వు ఆ ఆఫీసులో అదే మొదటిది.

అర్జీదారును ఇంటికి చేర్చే పని పోలమ్మే తీసుకుంది. బకెట్టు మోస్తూ దారిలో గుల్లను అడిగింది. “నీలు సల్లబడితే మల్లీ ఎడమకి తిరుగుతారా?”

“తిరుగుతాం. మాకు అలవాటే. మీకు అలవాటుందేటి?”

పోలమ్మ బకెట్టును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకుంది. “నేర్సుకుంటాం లే,” అంది.

బకెట్టు ఒంపడానికి ఆమె తన గుమ్మం దాటి ఇసుకలో ఇంకా కొంత దూరం నడవాల్సి వచ్చింది. ఇంకా నడవాల్సినంత దూరం ఉన్నందుకు ఆమెకు ఎంతో సంతోషమేసింది.