ఒక బేస్ గిటార్, దాని కవల

న్యాయం మీరే చెప్పండి. ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన పెళ్ళాం, కట్టుకున్న మొగుణ్ణి స్నేహితుల ముందు కళ్ళకు గంతలు కట్టి నిలబెట్టిందంటే మీరైతే ఊరుకుంటారా? నేను ఊరుకున్నాను. ఎందుకు ఊరుకోవాల్సి వచ్చిందో చెబుతాను. మధ్యలో ఎవరూ నవ్వకండి.

నాకో బేస్ గిటార్ ఉండేది. పంతొమ్మిదో ఏట ఉక్కు ఫ్యాక్టరీలో చేరినప్పుడు మొదటి మూడు నెలల జీతం పోసి కొన్నాను. అరవైల నాటి నమూనా. నాలుగు లావు తీగలు, అంచున నలుపు, మధ్యకు వచ్చేసరికి తేనె రంగు. వెనక నా బెల్టు గీసిన గీతలు, ముందు ఏదో పబ్బులో ఎవడో సిగరెట్టు ఆనించిన మచ్చ. నేనూ ఒకప్పుడు కుర్రాణ్ణేనని చెప్పడానికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

మా ఇంట్లో మా ఆవిడ నోరీన్ పెట్టిన చట్టం ఒకటుంది. గిటార్ ఒక్కటే ఉండాలి. ఇంకోటి లోపలికొస్తే ఉన్నది బయటికి పోవాలి. మరి నీ చెప్పుల జతల మీద చట్టమేదీ లేదా అని ఒకసారి అడిగాను. "చెప్పులు రాత్రి ఎనిమిదింటికి గోడలు అదిరేలా మోగవు క్లైవ్" అంది. 

మాకో సంఘం ఉంది. ప్రతి నెలా మొదటి ఆదివారం కర్లీ గరాజ్‌లో కలుస్తాం. మా దగ్గర ముద్దుపేర్లు తిరగేసి పెడతారు: తల మీద ఒక్క వెంట్రుక లేదు కాబట్టి వాణ్ణి కర్లీ, అంటే ఉంగరాల జుట్టువాడు, అంటాం. ఆరడుగుల నాలుగంగుళాల మనిషిని షార్టీ, అంటే పొట్టివాడు, అంటాం. నాకు మాత్రం ఏ పేరూ పెట్టలేదు. పెట్టడానికి నాలో ఏమీ కనిపించలేదట. ముగ్గురం బేస్ వాయించేవాళ్ళమే. పాడేవాడు లేడు, డ్రమ్స్ లేవు. ఆరు తీగల గిటార్ పట్టుకుని ఎవడైనా వస్తే రొట్టెలో సాసేజ్ చుట్టి చేతిలో పెట్టి గేటు దగ్గర్నుంచే సాగనంపుతాం. నాలుగు గంటలసేపు ఒకరి బేస్ ఒకరు ఎత్తి చూసి, మెడ నిమిరి, ఒక్కో స్వరం మీటి "అబ్బ, ఏం గొంతురా" అనుకుంటాం. పక్కింటివాళ్ళకి మాత్రం గేటు ముందు లారీ ఆపి ఇంజను ఆపడం మర్చిపోయినట్టు ఉంటుందట. చెవుల్లేని జనం.

ఆ షార్టీగాడే ఒకరోజు ఫోన్ చేశాడు. "క్రౌన్ స్ట్రీట్ కొట్లో ఒకటి దిగింది రా. అచ్చం నీదే. అదే నమూనా, అదే రంగు. కాకపోతే కొత్తది."

ఫ్యాక్టరీ వదిలాక బస్సు నడుపుతున్నాను; ఆరోజు డ్యూటీ దిగి యూనిఫారంతోనే వెళ్ళాను. కొట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకున్నాను. ఎర్రదాని మెడ మరీ లావు, తెల్లదాని బరువుకి భుజం ఊడొచ్చేలా ఉంది. ఇది మాత్రం ఎప్పటినుంచో నా ఒళ్ళోనే ఉన్నట్టు కూర్చుంది. ఓవర్‌టైం డబ్బులు అక్కడే వదిలేసి, దాన్ని పట్టుకుని కర్లీ గరాజ్‌కి వచ్చాను.

"మరి నోరీన్?" అన్నాడు షార్టీ.

"నోరీన్‌కి తెలిస్తే కదా? రెండూ ఒకే రంగు. ఒకటి ఇంట్లో, ఒకటి ఈ గరాజ్‌లో సర్ఫ్‌బోర్డు వెనక. వారం వారం మార్చుకుంటాను. ఆవిడ కంటికి ఎప్పుడూ ఒక్కటే కనిపిస్తుంది."

"కొత్తది అద్దంలా మెరుస్తోంది కదరా" అన్నాడు కర్లీ. "గీకుదామా?"

ఇక చూడండి నా ఖర్మ. గరాజ్ బల్ల మీద పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పడుకోబెట్టి, ఏ గీత ఎక్కడుందో స్కేలుతో కొలిచి, గరుకు కాగితంతో, తాళంచెవులతో గీకడం మొదలుపెట్టారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కర్లీ మాత్రం ఈలవేస్తూ గీకాడు. సిగరెట్టు మచ్చ కోసం ప్రత్యేకంగా ఒక సిగరెట్టు ముట్టించాడు. పద్దెనిమిదేళ్ళ క్రితం మానేసినవాడు, దాన్ని పూర్తిగా తాగి మరీ పెట్టాడు మచ్చ.

"ఏడవకురా" అన్నాడు షార్టీ. "కంపెనీవాళ్ళు కొత్తదాన్నే పాతదిలా కనబడాలని గీకి అమ్మితే ఇంకా ఎక్కువ తీసుకుంటారు. నీకు ఊరికే గీకుతున్నాం."

నెల రోజులు నడిచింది. నోరీన్ ఒక్క మాట అడగలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. తర్వాత నెల మొదటి ఆదివారం గిటార్ పెట్టె కార్లో పెడుతుంటే, ఆవిడ బంగాళాదుంపల సలాడ్ గిన్నెతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"ఇవాళ నేనూ వస్తాను" అంది.

గరాజ్‌లోకి అడుగుపెడుతూనే సలాడ్ కర్లీ చేతికిచ్చి, నేరుగా సర్ఫ్‌బోర్డు వెనక్కి వెళ్ళి, రెండో పెట్టెను లాక్కొచ్చి నేను తెచ్చిన పెట్టె పక్కన పెట్టింది. 

"ఎలా తెలిసింది?" అన్నాను.

"శనివారం శనివారం వాక్యూమ్ పట్టేది ఎవరు? నీ గిటార్ ఎత్తి పక్కన పెట్టేది ఎవరు? నెల నుంచి ఒక వారం బరువుగా ఉంటోంది, ఒక వారం తేలిగ్గా ఉంటోంది. నాకేమైనా చేతుల్లో పక్షవాతమా?" అంది. "చట్టం చట్టమే. ఒకటి పోవాలి."

"కొత్తది పోనీ" అన్నాను వెంటనే. "పాతది మాత్రం ప్రాణం పోయినా ఇవ్వను. దాని గొంతు వేరు. ఆ కొయ్య వేరు. ఒక్క స్వరం వింటే చాలు, నిద్రలో లేపినా పోల్చేస్తాను."

"ఈ మాట పెళ్ళయిన నాటి నుంచీ వింటున్నాను. అయితే ఒక పని చేద్దాం. కళ్ళకు గుడ్డ కట్టుకో. షార్టీ రెండూ వాయిస్తాడు. పాతదేదో సరిగ్గా చెప్పావా, చట్టం రద్దు, రెండూ ఇంట్లోనే ఉంచుకో. తప్పు చెప్పావా, పాతది నాది."

మీరైతే వద్దంటారా? నేను అనలేదు. నలభై ఏళ్ళు ఒళ్ళో పెట్టుకున్న బిడ్డ గొంతు తెలియకపోవడమేమిటి? పెట్టెలు తెరవకముందే ఆవిడ నా కళ్ళకు గిన్నెలు తుడిచే గుడ్డ బిగించి కట్టింది.

మొదటిది మోగింది. చెంచాల డబ్బా కింద పడినట్టు టింగుమంది. కొత్త వస్తువు పొగరు. రెండోది మోగింది. దుప్పటి కప్పుకున్నట్టు మెత్తగా, గుండె కింద ఎక్కడో తట్టింది. నా పంతొమ్మిదో ఏడు నాకు కనిపించింది.

"రెండోది" అన్నాను. "ప్రమాణం చేసి చెబుతాను."

 కర్లీ దగ్గాడు. గుడ్డ విప్పుకుని చూస్తే షార్టీ నా మొహం వైపు చూడకుండా బేస్ వెనక్కి తిప్పి, మెడ కింద ఉన్న నంబరు చూపించాడు. మూడుసార్లు చదివాను. కొత్తదాని నంబరే.

"నిన్న నువ్వు డ్యూటీలో ఉండగా ఇంట్లోది ఇక్కడికి తెచ్చాను" అంది నోరీన్. "పాతదాని తీగలు కొత్తదానికి, కొత్తదాని తీగలు పాతదానికి మార్పించి, సాయంత్రానికి మళ్ళీ ఇంట్లో పెట్టేశాను."

"తీగలు మార్చావా?" నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇరవై రెండేళ్ళుగా మార్చని తీగలవి. చెమట పట్టి, జిడ్డు పట్టి, అలా పండాలనే ఉంచాను. ఇది మోసం."

"ఎందుకు మోసం? గొంతు కొయ్యది అన్నావు. కొయ్య మారలేదుగా."

 కర్లీ వైపు తిరిగాను. "మార్చింది నువ్వేనా? స్నేహితుడివి, ఒక్క మాట చెప్పకూడదా?"

"చెబుదామనే అనుకున్నాను. నిన్న కూడా సలాడ్ తెచ్చింది" అన్నాడు, నోటినిండా బంగాళాదుంపలతో.

ఒకే రంగు గిటార్లు రెండు తిప్పినవాడు మోసం గురించి మాట్లాడకూడదని షార్టీ కూడా ఆవిడ పక్షమే చేరాడు. సంఘమా ఇది?

"అసలు నువ్వేం చేసుకుంటావు దాన్ని?" అని అడిగాను.

"గురువారం గురువారం మా యుకలేలే బృందం ఉంది కదా. పద్నాలుగు మందిమి, అన్నీ చంకలో ఇమిడే బుల్లి తీగల వాయిద్యాలు, సన్న గొంతులే. అడుగున పట్టుకునేవాళ్ళు లేక పాట ఎగిరిపోతోంది. బేస్ నేను వాయిస్తానన్నాను. కొత్తది నాకు బరువు. ఇది చేతికి అలవాటైపోయింది."

మొన్న గురువారం బౌలింగ్ క్లబ్ హాల్లో వాళ్ళ ప్రదర్శన. ఆంప్లిఫయర్ ఎవరు మోశారు? నేనే. వెన్ను పట్టేసింది. నోరీన్ స్టూలు మీద కూర్చుని నా బేస్ ఒళ్ళో పెట్టుకుంది. పాటకి రెండే స్వరాలు, మూడోది రాదు. మూడో పాటలో ఒక చోట తడబడింది. నాకు ఆగలేదు. ముందు వరసలోంచి "పైతీగ, పైతీగ" అని అరిచాను.

ఆవిడ వాయించడం ఆపలేదు. మైకులోకి వంగి, "క్లైవ్, నోరు మూసుకుని విను" అంది. హాలంతా నా వైపు తిరిగింది.

ఇంత అవమానం ఎవరికైనా జరిగిందా? చేసేది లేక నోరు మూసుకుని విన్నాను. నలభై ఏళ్ళలో దానికి ఎదురుగా కూర్చుని ఒక పాట మొత్తం వినడం అదే మొదటిసారి. పాట సాగేటప్పుడు ఎప్పుడూ నా ఒళ్ళోనే ఉండేది కదా, అవతలివాళ్ళకి ఎలా వినిపిస్తుందో నాకెలా తెలుస్తుంది?

బాగుంది. అదే నా కోపం.