కంప్యూటర్‌ను ఫెయిల్ చేయబోయి

కొత్త కంప్యూటర్ కావాలని భార్యను అడిగే ధైర్యం లేని మగవాడు ఏం చేస్తాడు? పాతదాని మీద నేరం మోపుతాడు. నేనూ అదే చేశాను.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. మా ఆవిడ ఇంట్లోనే కూర్చుని ఒక బట్టల దుకాణానికి గౌన్ల నమూనాలు గీస్తుంది. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటర్. పగలంతా ఆవిడది, సాయంత్రం ఓ గంట నాది. ఆ గంటలో దానితో చదరంగం ఆడతాను. నేనొక ఎత్తు వేశాక అది ఆలోచించేలోపు టీ తాగి, గ్లాసు కడిగి, బోర్లించి రావచ్చు.

ఇంతలో తెర మీద ఒక కబురు వచ్చింది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు వచ్చే నెల నుంచి అప్‌డేట్లు రావట, కొత్తది వేసుకోవాలట. దాన్ని మీ కంప్యూటర్ మోయగలదో లేదో ఇక్కడ నొక్కి పరీక్షించుకోండి అని ఉంది.

ఈ సంగతి ప్రెస్సులో బైండరు చెవిన వేశాను. అడిగినా అడగకపోయినా అన్నీ చెబుతాడని అతన్ని సర్వజ్ఞుడంటాం.

"పరీక్ష తప్పితే కొత్తది కొనక తప్పదు," అన్నాడు.

"పాసైతే?"

"లోపల ర్యామ్ అని రెండు చిన్న పలకలుంటాయి. దాని జ్ఞాపకశక్తంతా వాటిలోనే. ఒకటి పీకెయ్. సగం మతి పోయినవాడు ఏ పరీక్ష పాసవుతాడు?"

ఆదివారం పొద్దున ఆవిడ కూరగాయలకు వెళ్లగానే కంప్యూటర్ డబ్బా విప్పాను. ఎనిమిదేళ్ల దుమ్ము మొహాన కొట్టింది. తుమ్ముతూనే ఒక పలక పీకి చొక్కా జేబులో వేసుకున్నాను. ఆవిడ రాగానే పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష మొదలుపెట్టాను.

'ఈ కంప్యూటర్ సరిపోదు' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి.

డాక్టరు రోగి బంధువులతో చెప్పినట్టు గొంతు తగ్గించి, "మన చేతుల్లో ఏమీ లేదు," అన్నాను.

"ఏం లోటట?"

"మెమరీ చాలదట. వయసు మీద పడింది కదా."

"వయసొస్తే మెమరీ తగ్గుతుందా?"

"నన్ను చూడు. నిన్న నువ్వు చెప్పిన పనుల్లో సగం మర్చిపోయాను."

"మీరు పెళ్లయిన నాటి నుంచీ అంతేగా," అంది. కాసేపు తెరకేసి చూసి, "నా నమూనాలన్నీ దీన్లోనే ఉన్నాయి. ఏదో ఒకటి చేద్దాంలెండి," అంది.

ఏదో ఒకటంటే కొత్తదేనని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. మర్నాడు ప్రెస్సు నుంచి వస్తూ కంప్యూటర్ల కరపత్రాలు మూడు పట్టుకొచ్చాను. గదిలోకి వెళ్లేసరికి తెర మీద పచ్చటి అక్షరాలు మెరుస్తున్నాయి. 'ఈ కంప్యూటర్ సరిపోతుంది.'

"ఇదెలా కుదిరింది?"

"ఉతుకుదామని మీ చొక్కా తీస్తే, పోయిన మతి జేబులో దొరికింది. పెట్టి మళ్లీ నొక్కాను. ఈసారి భద్రత కోసం ఉండే చిప్పేదో పనిచేయట్లేదంది. రిపేరతనికి ఫోన్ చేశాను. అది సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది, ఆన్ చెయ్యండమ్మా అన్నాడు. చేశాను."

"డబ్బా నువ్వే విప్పావా?"

"కుట్టుమిషను విప్పి బిగించేదాన్ని, ఇదెంత? దుమ్ము కూడా దులిపాను."

కరపత్రాలు వీపు వెనక్కి పోయాయి. తిడితే బాగుండేది. ఆవిడ నవ్వుతోంది.

"మీకో మాట చెప్పలేదు," అంది. "పని త్వరగా అవుతుందని, దుకాణం వాళ్లు నాకు కొత్త కంప్యూటర్ ఇస్తామన్నారు. నిన్న ఆ ఎర్ర అక్షరాలు చూసి, దీన్ని తీసేసి కొత్తదే ఇద్దరం వాడుకుందామనుకున్నాను."

"మరి ఇప్పుడు?"

"లక్షణంగా పాసైనదాన్ని ఎలా పారేస్తాం? ఇక ఇది పొద్దస్తమానం మీదే."

గురువారం ఆవిడ కంప్యూటర్ వచ్చింది. గోడంత తెర. నేను పాతదాని ముందు కూర్చుని అటు చూడనట్టు చూస్తున్నాను.

"ఏవండీ, కాస్త ఇటు రండి," అని పిలిచింది. కుర్చీతో సహా వెళ్లాను.

"ఈ నమూనాల కింద పేర్లు రాశాను. తప్పులుంటే చెప్పండి."

రెండు గంటలు కూర్చుని తప్పులు చెప్పాను. మౌసు ఆవిడ చేతిలోనే ఉంది. తెర మాత్రం చాలా బాగుంది.