మూయని ట్యాబులకు జేజేలు

కంప్యూటర్లో తెరిచిన ట్యాబును మూయడం పాపం! మూసే పనిముట్టును కనిపెట్టడం మహాపాపం. ఆ పనిముట్టును ఎలా వాడాలో చెప్పే పుస్తకం మాత్రం మానవజాతికి దొరికిన వరం. కాకపోతే ఒక్క షరతు. అది ఎప్పటికీ పూర్తి కాకూడదు.

నవ్వకండి. విషయం వినండి.

ఈ రోజుల్లో మన బదులు ఏఐ ఏజెంట్లనే ప్రోగ్రాములు ఇంటర్నెట్టంతా తిరిగొస్తున్నాయి. 'రైలు టికెట్టు చూడు' అంటే చాలు, పేజీకొకటి చొప్పున బోలెడు ట్యాబులు తెరుస్తాయి. పని కాగానే అన్నీ బార్లా తెరిచిపెట్టి వాటి దారిన అవి పోతాయి. కంప్యూటరుకు ఆయాసం! అందుకని ఏ ట్యాబు ఎవరు తెరిచారో గుర్తుపెట్టుకుని, పనిలేనివాటిని నిద్రపుచ్చి, ఆనక మూసేసే పనిముట్టును ఒక కంపెనీ తయారుచేసింది. దాని డాక్యుమెంటేషన్, అంటే వాడుక పుస్తకం, రాసేది మా కోడలు. ఇంట్లోనే, వంటగది పక్కనున్న బల్ల మీద.

ఆ కంపెనీది చక్కటి పద్ధతి. రాసిన ప్రతి పేరానూ కంప్యూటర్ తెలియని మనిషికి చదివి వినిపించాలి. ఆ మనిషికి అర్థం కాకపోతే తిరగరాయాలి. ఆ మనిషిని నేనే! పొట్లం కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నదాన్ని. నాకింత హోదా ఎప్పుడైనా దక్కిందా?

పుస్తకం పూర్తయితే కోడలు రోజూ ఆఫీసుకు వెళ్ళాలట. పొద్దున వెళ్ళి సాయంత్రానికి వచ్చేయడమేగా అంటారు మీరు. మా ఆయనా ఒకరోజు గుమ్మం దిగుతూ అదే అన్నారు. మా చెల్లెలూ వెళ్తూ వెళ్తూ అదే అంది. ఆ సాయంత్రాలు ఇంకా రాలేదు.

కనుక నాకు ఏదీ అర్థం కావడం మానేసింది.

"ఏజెంటు తాను తెరిచిన ట్యాబును తానే మూయాలి," చదివింది కోడలు.

"తెరిచినవాడు మధ్యలోనే పోతే?"

"పనిముట్టే మూసేస్తుంది."

"ఇంకెవరో దాన్ని చదువుతుంటేనో?"

కోడలు పెన్ను కొరికింది. "అది రాయలేదత్తయ్యా."

"మరి రాయి. నాకేం అర్థం కాలేదు."

తర్వాతి పేరా నిద్ర గురించి. "కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ట్యాబును నిద్రపుచ్చుతుంది."

"ముట్టుకోనంత మాత్రాన అక్కర్లేదనా? పొద్దుట్నుంచి నన్నెవరు ముట్టుకున్నారు?"

"అబ్బా, మీరు ట్యాబు కాదత్తయ్యా!"

"అదీ రాయి. అయినా నిద్రపోయింది మళ్ళీ లేస్తుందని నమ్మకమేమిటి?"

విసుక్కుంటూనే పరీక్షించి చూసింది. ఒకటి లేవలేదు! ఇంజనీర్లు పరుగులు పెట్టారు. పేరా మళ్ళీ మొదటికొచ్చింది. ఆ పూట నేను రెండు కప్పుల కాఫీ తాగాను.

ఆలోచించండి. లోకం నడిచేది అర్థం కానివాళ్ళ వల్లే కదా! అందరికీ అన్నీ అర్థమైపోతే ప్లీడర్లేం కావాలి? ఉపన్యాసకులేం కావాలి? కౌంటర్ల వెనక కూర్చుని 'అవతలి కిటికీలో అడగండి' అనేవాళ్ళ పెళ్ళాం పిల్లలేం కావాలి? నేనొక్కదాన్ని బుర్ర మూసుకుని కూర్చుంటే ఎండల్లో ముగియాల్సిన పుస్తకం వానల దాకా సాగింది. ఇది దేశసేవ కాదా?

ఒకరోజు వీడియో కాల్‌లో కోడలి పైఆఫీసరు నన్ను చూడాలన్నాడట. చీర మార్చుకుని కూర్చున్నాను.

"అమ్మా, మీ ప్రశ్నల పుణ్యమా అని లోపాలన్నీ బయటపడ్డాయి," అన్నాడా అబ్బాయి. "ఇప్పుడు మా పనిముట్టు ఏ ట్యాబునైనా మూసేముందు అడుగుతుంది. అవతలివాళ్ళు సరే అనేదాకా మూయదు. ఇంక దిద్దడానికేమీ మిగల్లేదు. పుస్తకం పూర్తయిపోయింది!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నా కొంప నేనే ముంచుకున్నానని తెలిశాక కూడా చేతులు ఆగలేదు.

ఈ పొద్దున కోడలు గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ, "వెళ్ళొస్తానత్తయ్యా. సాయంత్రానికి వచ్చేస్తా," అంది.

ఎంతెంతో చదువుకున్న ఇంజనీర్లు నా మాట విని ట్యాబుకిచ్చిన మర్యాద చూశారుగా! ఊపిరి లేని దాన్ని మూయడానికి కూడా అవతలివాళ్ళు సరే అనాలి. మరి నేను 'సరే' అనేదాకా ఈ ఇంట్లో ఎవరైనా, ఎప్పుడైనా గుమ్మంలో ఆగారా? నేను నోరు తెరిచేలోపే కోడలు మెట్లు దిగిపోయింది.

ఆమె కుర్చీలోనే కూర్చుని ఇది రాస్తున్నాను. మధ్యాహ్నమే ముగించొచ్చు. ముగిస్తే తర్వాతేం చేయాలో తెలియక సాగదీస్తున్నాను. వీధి దీపాలు వెలిగాయి. ట్యాబుల గురించి మీకు చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. అసలు మనిషన్నవాడు ఒక ట్యాబును తెరిచాక...

ఆగండి. గేటు చప్పుడైంది.

ఉంటానండీ!