నారమ్మ మీద విభూతి

జహీరాబాద్ తహసీలు ఆఫీసులో గుమస్తాగా పనిచేసే బస్వరాజ్ ఆ ఉదయం పెట్టుకున్న పని నిజానికి చాలా చిన్నది. సాయంత్రం ఇంటికి వచ్చాక గోడకు తెల్ల పంచె కట్టాలి, తల్లి నారమ్మ ఉన్న రీలు ఆడించాలి, భార్యాపిల్లలతో కూర్చుని చూడాలి. నారమ్మ పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది. ఇంతమాత్రం పనికి మూడు వందల మంది జనం, ఒక మైకు అవసరమవుతాయని అతనికే కాదు, బుద్ధి ఉన్నవాళ్లెవరికీ తోచదు.

నారమ్మ బతికుండగా ఒక్క ఫోటో తీయించుకోలేదు. "నన్ను జూసెటోళ్లు ఇంటికొచ్చి జూస్తరు" అనేది. రోజుకు నాలుగుసార్లు ఇల్లు దులుపుకునే మనిషికి ఫోటోల స్టూడియోలో దుమ్ము ఎక్కువగా కనిపించేదేమో. ఆమె రూపం మిగిలింది ఒక్కచోటే. నిరుడు శివరాత్రికి బొంబాయి నుంచి వచ్చిన చిన్నమ్మ కొడుకు జగన్‌మోహన్ ఝరాసంగం జాతరలో చేతి కెమెరాతో మూడు నిమిషాల రీలు తీశాడు. అందులో ఎనిమిది సెకన్లు నారమ్మ ఉంది. ఈ మధ్య అతని ఇంట్లోకి టీవీ రావడంతో పాత ప్రొజెక్టరు మీద ప్రేమ తగ్గి, దాన్ని గోనెసంచిలో చుట్టి రీలుతో సహా లారీలో పంపేశాడు. అది బొంబాయి రోడ్డు దుమ్మంతా మోసుకొచ్చి దిగింది.

ముందు రోజు బస్వరాజ్ ఒకసారి ఆడించి చూశాడు. జాతర కనిపించింది, జనం కనిపించారు, నారమ్మ దగ్గరికి వచ్చేసరికి మసక. చెయ్యి పైకెత్తి నిలబడిందని తెలుస్తోంది గానీ, తెర పైభాగాన్ని దుమ్ము నల్లగా కమ్మి చెయ్యి చివర, ముఖం తెలియడం లేదు. ఈ ఏడాదిలో, తను అవ్వ అని పిలిచే ఆ తల్లి ముఖం తన మనసులో కూడా కొద్దికొద్దిగా చెరిగిపోతోందని అతనికి లోలోపల భయం. ఒక్కసారి తేటగా చూస్తే చాలనుకున్నాడు. అందుకని పొద్దున్నే డేరా టాకీసులో మిషను నడిపే వీరన్నను పిలిపించాడు.

వీరన్న మూత తీసి, కళ్లజోడు సర్దుకుని లోపలికి చూశాడు.

"గేట్ల కచ్రా నిండింది సార్. రీలు దిగే ఈ సందునే గేటంటరు. ఇండ్ల ఇసుమంత దుమ్మున్నా తెర మీద గుండంత కనవడ్తది. ఆటకు ముంగట గేటు తుడువాలె, లెన్సును ఏలుతోని ముట్టొద్దు, ఆట అయినంక మూత పెట్టాలె. గీ మూడు జేస్తే నూరేండ్లు నడుస్తది" అని చెప్పి, తన ఆటకు టైమవుతోందని వెళ్లిపోయాడు.

బస్వరాజ్‌కు ఆఫీసు టైమవుతోంది. చెప్పులేసుకుంటూ వంటింట్లో ఉన్న భార్య ఇందిరమ్మకు వినిపించేలా అన్నాడు.

"ఇందిరా, సాయంత్రం అవ్వ కనవడ్తది. జర గేటు సాఫ్ జేసి పెట్టు. మెత్తటి బట్టతోని తుడువు, నీళ్లు తగలొద్దు."

"లోపటి దిక్కా, బయటి దిక్కా?"

"రెండు దిక్కుల."

ఇందిరమ్మ భర్త మాట జవదాటే మనిషి కాదు, మళ్లీ అడిగే మనిషీ కాదు. వాకిట్లో ఉన్నది ఇనుప గేటు, తుప్పు పడుతుందని నీళ్లు వద్దన్నాడు కాబోలు అనుకుంది. మెత్తటి పాత చీర చింపి గంటన్నరసేపు లోపలా బయటా మిలమిలలాడేలా తుడిచింది. తుడిచాక మరీ బోసిగా అనిపించింది. పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. బొట్లు పెట్టిన గేటుకు మామిడాకులు లేకపోతే బాగుండదని అవి కూడా కట్టింది.

ఎదురింటి పార్వతమ్మ ఆ తోరణం చూసి రోడ్డు దాటి వచ్చింది.

"ఏం కార్యమే ఇందిరమ్మా?"

"కార్యం గాదు పెద్దమ్మా. ఇయ్యాల మా అత్త కనవడ్తదట. గేటు సాఫ్ జేయుమని జెప్పి పోయిండు."

"ఏ అత్త?"

"నాకెంతమంది అత్తలున్నరు?"

పార్వతమ్మ ఇంకేమీ అడగలేదు. వివరాలు అడిగితే వార్త పాడవుతుందని ఆమెకు బాగా తెలుసు. పదకొండింటికి బస్టాండులో, నారమ్మ సాయంత్రం ఆరింటికి గేటు దగ్గర కనిపిస్తుందట అనుకున్నారు. మధ్యాహ్నానికి ఆ మాట బస్సెక్కి ఝరాసంగం చేరేసరికి నారమ్మ అప్పటికే వచ్చి చాయ్ తాగుతోంది.

ఝరాసంగంలో నారమ్మ అన్న చెన్నబసప్ప ఉన్నాడు. సర్పంచి పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లు ఓడినవాడు. ఉపన్యాసం ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, సభే దొరకదు. చెల్లెలు వచ్చిందని వినగానే పన్నెండు మందిని, ఓడిన ఎన్నికల్లో మిగిలిన మైకును చెరకు లారీలో ఎక్కించుకుని బయలుదేరాడు.

సాయంత్రం బస్వరాజ్ వచ్చేసరికి ఇంటి ముందు మూడు వందల మంది జనం ఉన్నారు. తోసుకుంటూ లోపలికి వెళ్లి భార్యను అడిగాడు.

"ఎవరికేమైంది?"

"ఎవరికేం గాలేదు. అందరు అత్తను జూడ వచ్చిన్రు. గేటు మంచిగ తుడిచిన, జూసినవా?"

"ఏ గేటు?"

ఇందిరమ్మ వాకిలి వైపు వేలు చూపించింది. బస్వరాజ్ తోరణం చూసి కుర్చీలో కూలబడ్డాడు. ప్రొజెక్టరు తుడవడానికి పది నిమిషాలు అడిగాడు గానీ, మామ చెన్నబసప్ప ఒప్పుకోలేదు. "ఇంతమందిని నిలవెట్టి ఇప్పుడు తుడుస్తవా? నడిపియ్" అన్నాడు.

పట్టినంతమందిని లోపల కూర్చోబెట్టి కిటికీలు మూశారు. పంచె మీద జాతర కదిలింది. నారమ్మ వచ్చింది, చెయ్యి పైకెత్తింది. రీలు దడదడలాడుతుంటే గేటులో వదులైన దుమ్ము కణాలు ఆమె తల మీద నుంచి బూడిదలా రాలుతున్నట్టు కనిపించాయి. ముందు వరసలోంచి పార్వతమ్మ గొంతు వినిపించింది.

"విభూతి రాల్తున్నది."

"చెయ్యెత్తి అభయమిస్తున్నది" అన్నారు వెనకనుంచి ఇంకెవరో. మరుక్షణం నేల మీద కాలు పెట్టడానికి చోటు లేదు, అందరూ సాష్టాంగపడ్డారు.

బస్వరాజ్ దీపం వేశాడు. "విభూతి గాదు పెద్దమ్మా. దుమ్ము. రోడ్డు దుమ్ము."

చెన్నబసప్ప మైకు అందుకున్నాడు. గది పన్నెండడుగులది, మైకు ఎందుకో ఎవరూ అడగలేదు. "దుమ్మే అనుకుందాం. నువ్వు చల్లినవా అల్లుడా?"

"లేదు."

"నీ పెండ్లాం చల్లిందా?"

"లేదు మామా."

"మరి ఎవరు చల్లిన్రు?"

తహసీలు ఆఫీసులో ఇరవయ్యేళ్లు పనిచేసినా ఇలాంటి వాదన అతనికి ఎదురు కాలేదు. ఆ రాత్రే నారమ్మకు పీఠం ఖాయమైంది. ప్రొజెక్టరు పట్టువస్త్రం మీదికి ఎక్కింది, చెన్నబసప్ప దాని పక్కన కుర్చీ ఎక్కాడు.

మర్నాటి నుంచి రోజుకు రెండు ఆటలు. హైవే మీద పోయే లారీలు ఆగుతున్నాయి, రాయికోడ్ నుంచి బండ్లు వస్తున్నాయి. వీరన్న చెప్పిన మూడు నియమాలను బస్వరాజ్ మామకు ఒకటికి పదిసార్లు వినిపించాడు. లెన్సును వేలితో ముట్టకూడదన్నది చెన్నబసప్పకు ఎంతో నచ్చింది, అది మడి. ఆట అయ్యాక మూత పెట్టాలన్నదీ నచ్చింది, అది పవళింపు సేవ. గేటు తుడవాలన్న మాట మాత్రం ఇంట్లో ఎత్తకూడదన్నాడు.

"విభూతిని తుడుస్తవా? కన్న తల్లి విభూతిని?"

భక్తులు పట్టెడు పట్టెడు అగరుబత్తీలు వెలిగించారు. ఆ పొగ, ఆ బూడిద ప్రొజెక్టరులోకి పోయి తెర మీద విభూతి రెట్టింపయింది. విభూతి రెట్టింపయినందుకు భక్తులూ రెట్టింపయ్యారు, అగరుబత్తీలూ రెట్టింపయ్యాయి. ఎవరో భక్తి ఆపుకోలేక లెన్సుకు కుంకుమ బొట్టు పెడితే తెరంతా ఎర్రబడింది. అవ్వ కోపంగా ఉందని ఆ రోజు ఊళ్లో సగం మంది ఉపవాసమున్నారు. గేటు అన్న మాట ఇప్పుడు పిల్లలకు కూడా తెలుసు. ఆట అయ్యాక వరసకట్టి మిషనులోని గేటు దర్శనం చేసుకుని వెళ్తున్నారు.

ఆరో రోజుకు నారమ్మ పూర్తిగా కనిపించకుండా పోయింది. తెర మీద ఉన్నదల్లా రాలే బూడిద, దాని వెనక కదిలే నీడ. తల్లిని చూడటానికి ఇంతమంది వస్తున్నారు, తను మాత్రం చూడలేకపోతున్నాడు. వరసలో నిలబడి లోపలికి వచ్చిన వీరన్నను బస్వరాజ్ పక్కకు లాగి సంగతి అడిగాడు.

వీరన్న మిషను చప్పుడు కాసేపు చెవి పెట్టి విన్నాడు. ముఖం మాడిపోయింది.

"సార్, కచ్రా గట్టివడ్డది. ఇసుక రవ్వలు రీలును గీకుతున్నయ్. ఇంక నాలుగైదు ఆటలాడిస్తే బొమ్మ కొట్టుకపోతది. అప్పుడు తుడిచినా రాదు. మీ అవ్వ మొఖం ఇంక ఏడ దొరకది."

బస్వరాజ్ ఆ పూట అన్నం ముట్టలేదు. మామ కాళ్లు పట్టుకున్నా లాభం లేదని తెలుసు. ఆలోచించి, ఆలోచించి, మర్నాడు, సోమవారం సాయంత్రం జనమంతా ఉన్నప్పుడు లేచి నిలబడ్డాడు.

"మామా, నేను గేటు సాఫ్ జేస్త అంటలేను. శుద్ధి జేస్త అంటున్న."

చెన్నబసప్ప కళ్లు మూసుకుని ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సాఫ్ అనేది మట్టి పని. శుద్ధి దేవుడి పని. కళ్లు తెరిచి మైకులో గట్టిగా కోప్పడ్డాడు.

"శుద్ధి లేకుంటనే ఇన్నొద్దులు నడిపినవా? అవ్వకు కోపం రాకుంట ఎట్లుంటది?"

గంట మోగింది. వీరన్న దవాఖానలోంచి తెచ్చిన స్పిరిట్ సీసా తీశాడు. తీర్థమనుకుని నలుగురు దోసిళ్లు పట్టేసరికి గబుక్కున జేబులో దాచుకుని, అక్కడినుంచి జేబులోనే దూది తడుపుకున్నాడు. మెత్తటి కుంచెతో గేటు తుడిచాడు, మూలల్లో గట్టిపడ్డ ముద్దను అగ్గిపుల్లతో మెల్లగా లేపాడు, లెన్సు మీది కుంకుమ తీశాడు. వచ్చిన మకిలిని చెన్నబసప్ప తమలపాకులో పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. బస్వరాజ్ రీలు ఎక్కించాడు.

జాతర వచ్చింది. జనం పోయారు. నారమ్మ వచ్చింది.

అద్దంలా ఉంది బొమ్మ. తల మీద కొంగు, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ, ఎండకు చిట్లించిన కళ్లు. అన్నాళ్లూ తెర పైభాగాన్ని కమ్మిన నలుపు పోయింది. ఎత్తిన ఆ చేతిలో, జాతరలో అప్పుడే కొన్న కొత్త చీపురు ఉంది. నారమ్మ అభయమివ్వడం లేదు. కెమెరా పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ మట్టి రేపుతున్న జగన్‌మోహన్ మీద చీపురు ఝళిపిస్తోంది. ఆ రీలుకు మాటలు లేవు. అయినా పెదవులు కదలడం చూడగానే బస్వరాజ్‌కు చెవిలో వినిపించింది. "దూరం జరుగురా, దుమ్ము లేస్తున్నది." నోట్లో కండువా కుక్కుకుని ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. అవ్వ ఏమీ చెరిగిపోలేదు.

దీపం వేశారు. విభూతి లేదు, అభయం లేదు, తిట్టే ముసలమ్మ ఉంది. చెన్నబసప్ప మైకు పట్టుకున్నాడు గానీ జీవితంలో మొదటిసారి మాట రాలేదు. ఇక జనం ఎవరిళ్లకు వాళ్లు పోతారు, రేపటినుంచి ఇంట్లోవాళ్లం హాయిగా కూర్చుని చూసుకోవచ్చు అని బస్వరాజ్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

అప్పుడు పార్వతమ్మ నెమ్మదిగా లేచి నిలబడి తెరకు దండం పెట్టింది.

"సూసిన్రా? తన విభూతి తనే ఊడ్చుకున్నది."

గది మళ్లీ ఒక్కసారిగా నేలకు ఒరిగింది. చెన్నబసప్పకు గొంతు తిరిగి వచ్చింది. "రేపటి సంది కొబ్బరికాయలొద్దు" అని మైకులో చెప్పడం మొదలుపెట్టాడు.

శుక్రవారం నాటికి బస్వరాజ్ వరండా నిండా కప్పుదాకా కొత్త చీపుర్లు పేరుకున్నాయి. ఇంట్లో మడమ లోతు దుమ్ముంది గానీ, మొక్కుబడి చీపురుతో ఇల్లు ఊడవడం మహాపాపమని పెద్దలు తేల్చారు.